విలువ అనే గడి

దేశమంతా ఒకే ప్రశ్న, పదకొండు రోజులు:
"రైల్వేను అమ్మాల్నా, వద్దా?"
సర్కారు అడగలేదు. మేమే అడిగినాం.
పట్టాల కాపుదల కమిటీ, గుంతకల్లు శాఖ:
తొమ్మిదిమందిమి, రెండు సైకిళ్లు,
ఓ మైకు. దాని గొంతు గడియకోసారి పూడిపోతాది.

పెట్టె కొనేకి దుడ్లు లేవు.
ఖాజాబీ తన అంగట్లోంచి బొరుగుల డబ్బా ఇచ్చింది.
మూతకు గాటు పెట్టింది కుళ్లాయప్ప,
ముప్పైయేండ్లు గార్డుగా పచ్చజెండా ఊపిన చేయి.
ఎంత కడిగినా అడుగున
నాలుగు బొరుగులు అంటుకోనే ఉండె.

నేను బోర్డులు రాసేటోణ్ని.
పసుపు మీద నలుపు, ఊరి పేరు మూడు భాషల్లో
రాసి రాసి, మూడిట్లోనూ
పెద్దగా మాట్లాడేది రానోణ్ని.
అందుకే నాకు డబ్బా మోసే పని.

పాత గుంతకల్లులో మొదటి ఇల్లు:
"ఏ గుర్తుకు?"
గుర్తు లేదమ్మా, ప్రశ్నే ఉంది.
రెండో ఇల్లు: "ఓటుకెంత?"
మేమిచ్చేదేం లేదంటే
"అట్లయితే ఉత్తుత్తి ఓటే" అని నగినారు.
నగతానే ఏసినారు.
ఎండన పడొచ్చినారని మజ్జిగ పోసినారు.

ఉరుకుందమ్మ మాత్రం యేలు సాపుకోని నిలబడింది.
"సిరా యాడ?"
దీనికి సిరా ఉండదవ్వా.
"సిరా లేనిది ఓటెట్లయితాదిరా?
రేపొకడొచ్చి నువ్వెయ్యలేదంటే
నేనేం సూపియ్యాల?"
నా సంచీలో నీలం ఎనామిల్ ఉండె.
సన్నకుంచెతో గోరు మీద గీత గీసినా.
అంతే, వీధి వీధంతా యేళ్లు సాపింది.
కిరసనాయిలేసి రుద్దినా పోదు ఆ రంగు.
ఓటు లేని పిల్లోళ్లు గూడా గీయించుకోని
బడికి పోయి దెబ్బలు తిన్యారు.

లెక్క యూనియన్ ఆఫీసులో. రాత్రి, ఫ్యాను ఆపి.
గాలికి ఓట్లు ఎగిరిపోతాయి.
వద్దు: నాలుగువేల ఎనిమిదినూర్ల ఆరు.
అమ్మాల: రెండునూర్ల పన్నెండు.
"ఆ రెండునూర్లు పక్కకు తోస్తే సూసేదెవురు?"
అన్నాడు ఎర్రిస్వామి.
కుళ్లాయప్ప అద్దాలు తుడుచుకున్నాడు.
"నచ్చని ప్యాసింజరని
నేనెవుర్నీ బండి దింపలేదప్పా."
రాసినాం. రెండునూర్ల పన్నెండు.

ఒక్క కాయితం మాత్రం ఏ కుప్పలోకీ పోలేదు.
టిక్కు లేదు. అంచున పెన్సిలుతో:
"అమ్మకపోతే నన్ను పర్మినెంటు చేస్తారా?"
'ట'కు తోక అట్లా కిందికి లాగేది ఒక్కడే.
ఆ అక్షరం నేర్పించింది నేనే.
మా తమ్ముడు తిక్కస్వామి,
కాంట్రాక్టులో ఏడేండ్లుగా బోగీలు కడగతాండాడు.
ఓటేసినా అన్నా, అని
ఇంట్లో నీలిగోరు సూపిచ్చినోడు.

"చెల్లదు" అన్నాడు ఎర్రిస్వామి.
కుళ్లాయప్ప ఈసారి ఏమీ అనలేదు.

తెల్లారి మూట కట్టి పార్శిల్ ఆఫీసుకు మోసినాం.
ఢిల్లీకి. ఆరు కిలోల నాలుగునూర్ల గ్రాములు.
"లోపలేముంది?"
కాయితాలు.
"విలువ?"
ఫారంలో దానికో గడి. నింపకుంటే మూట తీసుకోరు.
ముగ్గురం ఒకరి మొగం ఒకరు సూసుకున్నాం.
ఎనక మామిడిగంపలోళ్లు అరుస్తాండారు.
ఎర్రిస్వామి నూరని రాసి కొట్టేసినాడు.
వెయ్యని రాసి కొట్టేసినాడు.
"ఇంగో ఫారం తీసుకోప్పా, గలీజు చేసినావు"
అన్నాడు గుమాస్తా.
రెండో ఫారంలో ఏం రాసినాడో
నేను సూడలేదు.

బండి పోయింది.
పెన్సిలు కాయితం మూటలో ఎయ్యలేదు నేను.
అంగీ జోబీలో ఉంది.
మాపున తమ్ముడు డ్యూటీ దిగొస్తాడు,
చేతులు నాని తెల్లగై.
కిరసనాయిలుకు పోని రంగు
బోగీలు కడిగే మందుకు పోతాంది,
సగం గీతే ఉండాది ఇప్పుడు.
మళ్లీ గీయాల్నా, అని అడగాల.